తోడు ముక్క

మా వీధిలో ఆమెను అందరూ తోడక్క అంటారు. ఆమెకన్నా బాగా పెద్దవాడైన జిరాక్సు షాపు యజమాని సైతం "అక్కా, కాస్త ఈ ఫోను చూసిపెట్టు" అనే అడుగుతాడు. వరుసలకు వయసుతో నిమిత్తం లేకుండా పోవడం మన భాషలోని వింతల్లో ఒకటి. దాని మీద ఒక పూటంతా మాట్లాడగలను గాని, చెప్పవలసింది తోడక్క గురించి కనుక ఆగుతాను.

పాడైన వీడియోలను బాగుచేయడం ఆమె వృత్తి. రెండంతస్తుల మేడకు మెట్ల కింద మిగిలిపోయిన చోటే ఆమె గది. గుమ్మం దగ్గర నిలబడవచ్చు. లోపలికి వెళ్ళేకొద్దీ కప్పు వాలిపోతుంది కనుక చివరికి కూర్చోక తప్పదు. "ఎంత పెద్దవాళ్ళయినా నా దగ్గర తల వంచాల్సిందే" అని నవ్వేది. ఉన్న ఒక్క ఫ్యానూ మనుషుల వైపు కాక కంప్యూటర్ వైపు తిరిగి ఉంటుంది. మేడమీదివాళ్ళు మెట్లెక్కినప్పుడల్లా ఆ అడుగులు మన నడినెత్తిన పడుతున్నట్టే వినిపిస్తాయి.

ఒకసారి కొత్తగా పెళ్ళయిన అమ్మాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది.

"అక్కా, మా పెళ్ళి వీడియోలో ఆయన కనిపించట్లేదు, గొంతొక్కటే వినిపిస్తోంది."

"అయితే ఫైలు బాగానే ఉందమ్మా. పెళ్ళయ్యాక మొగుళ్ళు అంతే."

ఆ పిల్ల ముందు బిక్కమొహం వేసి, తరవాత పకపకా నవ్వింది. అలాంటి నవ్వులు ఆ మెట్ల కింద తరచుగా వినిపించిన కాలం ఒకటి ఉండేది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళ మాటల్లో ఒక విశేషాన్ని గమనించాను. మనవాళ్ళు ఏ వస్తువునూ పాడుచేయరు. అన్నీ వాటంతట అవే పాడవుతాయి. "ఫైలు పోయింది", "కార్డు చెడిపోయింది", "మెమరీ ఎగిరిపోయింది" అంటారేగాని, నేను పోగొట్టాను, నేను చెడగొట్టాను అన్న మాట ఆ గుమ్మంలో నేను వినలేదు. సకర్మక అకర్మక క్రియల భేదాన్ని బడిలో ఏళ్ళ తరబడి నూరిపోసిన నాకు, ఆ భేదం ఎందుకు పుట్టిందో పదవీ విరమణ తరవాత ఆ మెట్ల కింద బోధపడింది.

నేను అక్కడికి చేరిన కథ చిన్నదే. బడిలో నాకు వీడ్కోలు సభ జరిపి, దాని వీడియోను చేతిలో పెట్టారు. ఇంట్లో టీవీకి తగిలిస్తే నా ఉపన్యాసం వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. తోడక్క చూసి, "ఇది పాడవలేదు మాస్టారూ. బొమ్మనీ శబ్దాన్నీ మడతపెట్టే పద్ధతులు బోలెడుంటాయి. కోడెక్ అంటారు. ఈ మడత విప్పడం మీ టీవీకి రాదు, అంతే. దానికి తెలిసిన మడతలోకి మార్చి ఇస్తాను" అంది. మాట్లాడుతుండగానే మార్చి ఇచ్చింది. బొమ్మ వచ్చాక తెలిసిందేమిటంటే, నేను గద్గద స్వరంతో ప్రసంగిస్తుండగా ముందు వరుసలోని సహోపాధ్యాయులు హాయిగా నిద్రపోతున్నారు. బొమ్మ రానన్నాళ్ళే నయమనిపించింది. ఆ నాటి నుంచి పొద్దుపోని వేళ వెళ్ళి ఆమె గదిలో కూర్చోవడం అలవాటైంది.

అసలైన కష్టం వేరే రకం ఫైళ్ళతో. కెమెరా బొమ్మనూ శబ్దాన్నీ కొద్దికొద్దిగా రాసుకుంటూ పోతుందట. ఏది ఎక్కడ ఉందో చెప్పే విషయసూచికను మాత్రం చివర, ఆపే మీట నొక్కినప్పుడు రాస్తుందట. మధ్యలో బ్యాటరీ అయిపోయిందా, సూచిక రాయకుండానే కెమెరా కన్ను మూస్తుంది. అటువంటి ఫైలు, కుట్టు ఊడి పుటల సంఖ్యలు చెరిగిపోయిన గ్రంథం వంటిది: అక్షరం పోదు, కాని చదవడానికి వీలుండదు. దానికి మళ్ళీ సూచిక కట్టాలంటే, అదే కెమెరాతో, అవే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ముక్క ఒకటి కావాలి. దాన్ని చూసి, దాని పోలికన చెదిరినదాన్ని పేర్చుకుంటూ రావాలి.

"పాలెంత చిక్కగా ఉన్నా తోడు వెయ్యకుండా పెరుగవ్వదు కదా మాస్టారూ" అనేది. అందుకే ఆ ముక్కకు తోడు ముక్క అని పేరు పెట్టింది; వీధి ఆమెకు తోడక్క అని పేరు పెట్టింది. తోడు తెమ్మంటే జనం తమకు అక్కరలేని ముక్కలే తెస్తారు. నేల, చెప్పులు, లెన్సుకు అడ్డం వచ్చిన బొటనవేలు. అవన్నీ ఆమె బీరువాలో ఏ కెమెరావి ఆ కెమెరాకు విడిగా భద్రంగా ఉండేవి. ఊళ్ళోవాళ్ళ చెప్పులన్నీ తన దగ్గరే ఉన్నాయని చెప్పేది.

ఇక ఆమె తల్లి సంగతి.

పక్షవాతం వచ్చిన తల్లిని చివరిదాకా చూసుకున్నది తోడక్కే. ఆమెకు ఒక తమ్ముడు. పెద్ద రోడ్డు మీద అద్దాల ఫోటో స్టూడియో అతనిదే. కెమెరా పట్టుకోవడం నేర్పింది అక్కే గాని, స్టూడియో బోర్డు మీద అతని పేరొక్కటే ఉంటుంది. తల్లిని చూడడానికి అప్పుడప్పుడు కెమెరాతో సహా వచ్చేవాడు. ఒకసారి తల్లిచేత మాట్లాడిస్తూ వీడియో తీస్తుండగా బ్యాటరీ అయిపోయి, ఫైలు తెరుచుకోకుండా పోయింది. కొన్నాళ్ళకు తల్లి పోయింది. ఆ పైన బంధువుల్లో ఒక మాట బయల్దేరింది.

"అమ్మ నాకన్నీ చెప్పుకుని ఏడ్చింది. అక్క ఎట్లా చూసిందో అమ్మ నోటితోనే చెప్పింది. వీడియోలో ఉంది. ఏం చేస్తాం, ఫైలు పోయింది" అని తమ్ముడు ఇంటింటా చెబుతున్నాడు.

వాళ్ళమ్మ చెల్లెలు, అంటే తోడక్కకు పిన్ని, ఫోను ఎత్తడం మానేసింది. చిన్నతనంలో తోడక్కను చంకనేసుకుని తిప్పిన మనిషి ఆవిడ. తక్కిన బంధువులు మాట్లాడకపోతే తోడక్క లెక్కచేసేది కాదు. పిన్ని ఫోను మోగి మోగి ఆగిపోవడం మాత్రం ఆమె తట్టుకోలేకపోయింది. ఎదురుగా జనం ఉన్నా సరే, రోజూ ఆ నెంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, దించేసేది.

"మా అమ్మ అలా అనదు మాస్టారూ. వాడు కల్పించాడు. ఆ ఫైలు బాగుచేసి అందరి ముందూ పెడతాను. పిన్ని వింటుంది."

తమ్ముణ్ణి కార్డు అడిగితే విసిరినంత పని చేశాడు. "తీస్కో. బాగయ్యేదైతే నేనే చేసేవాణ్ణి కదా. ఆ కెమెరా ఎప్పుడో అమ్మేశాను. తోడుకేం చేస్తావ్?"

కెమెరా కొన్నవాడు ఈత నేర్పే ఆయన. పిల్లలు కాళ్ళు సరిగా ఆడిస్తున్నారో లేదో చూపించడానికి వాడుతున్నాడు. తోడక్క వెళ్ళి, అతని దగ్గర ఉన్న వీడియో ముక్క తెచ్చుకుంది. దాన్ని తోడు వేస్తే, వాళ్ళమ్మ ముఖం ఆకుపచ్చ గళ్ళుగా చిట్లి తెర నిండా చెదిరింది. అది చూసి నేను తల తిప్పుకున్నాను. ఆమె తిప్పుకోలేదు.

"సెట్టింగు మార్చుకున్నాడు ఈతాయన. మా వాడు ఏ సెట్టింగులో తీస్తాడో నాకు తెలుసు. నేర్పింది నేనేగా" అని మళ్ళీ వెళ్ళింది. ఆ కెమెరాను తన చేత్తో వెనకటి సెట్టింగుకు తిప్పి, నీళ్ళను తన్నుతున్న పిల్లల కాళ్ళు కాసేపు తీసుకుని వచ్చింది.

ఆ మధ్యాహ్నం నన్ను కబురుపెట్టి పిలిపించింది. "రేపు నేనే ఏదో మార్చానంటారు. మీరు పక్కన కూర్చుని చూడండి. బడిపంతులు చూశారంటే కాదనరు."

తెర మీద తల్లి కనిపించింది. దిండుకు ఆనుకుని, జుట్టు నున్నగా దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. ఆ దువ్వడం, ఆ ఉతకడం ఎవరి చేతివో వేరే చెప్పనవసరం లేదు. కెమెరా వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"అమ్మా, ఇటు చూడు. నవ్వు."

"ఏం నవ్వనురా." మాట ముద్దగా ఉన్నా స్పష్టంగానే ఉంది. "పొద్దున్నే గొళ్ళెం పెట్టేసి పోతుంది. మందులు దాచేస్తుంది. ఉప్పు లేని కూడు నా మొహాన కొడుతుంది. నన్ను మనిషిలా చూడట్లేదురా ఇది."

ఇంతలో తలుపు చప్పుడు. దృశ్యానికి అవతల తోడక్క గొంతు: "అమ్మా, పాలు వేడి చేశాను. తాగుతావా?"

"తీసుకురా తల్లీ" అంది ఆ తల్లి, తేనె జాలువారే గొంతుతో.

అడుగులు దూరమయ్యాయి. ఆమె ముందుకు వంగి, గొంతు తగ్గించింది. "నన్ను మీ ఇంటికి తీసుకుపోరా. ఓ మూల పడి ఉంటాను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"మా ఇంట్లో మెట్లున్నాయి కదమ్మా. నువ్వెక్కలేవు."

"ఎత్తుకుపో."

"చూద్దాంలే. ఇటు, ఇటు చూడు. నవ్వమ్మా ఒకసారి."

తల్లి చెయ్యెత్తి, నవ్వింది. అక్కడితో ఆగిపోయింది.

మేడమీద ఎవరో మెట్లు దిగారు.

"ఒక్క అబద్ధం లేదు మాస్టారూ" అంది తోడక్క. "గొళ్ళెం పెట్టాను. ఓసారి గోడ పట్టుకుని వీధిలోకి పోయి పడిపోయింది. మందులు దాచాను. వేసుకున్న సంగతి మరిచి మళ్ళీ వేసుకునేది. ఉప్పు వద్దంది డాక్టరమ్మ. నేనూ ఆ చప్పిడి కూడే తిన్నాను తనతో పాటు. అది చెప్పలేదు చూశారా?"

"ఆ మాటలున్న ముక్క తీసేయరాదూ?" అన్నాను. వ్యాకరణం తప్ప వేరే ధైర్యం ఎరగనివాడి సలహా అది.

ఆమె నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. "వాడు సగం చెప్పాడు. నేను మొత్తం వినిపిస్తాను. నా సంగతీ విననీ, వాడి సంగతీ విననీ. పిన్ని పెద్దది, ఎవరేంటో తనకు తెలుస్తుంది."

తల్లి పోయి ఏడాదైన రోజున బంధువులు తమ్ముడింట్లో కలిశారు. ఒక్కదాన్నీ వెళ్ళలేనంటే ఆమె వెంట నేనూ వెళ్ళాను. ఇల్లు మేడమీదే, మెట్లు ఉన్న మాట నిజమే, నా మోకాళ్ళు సైతం ఆయాసపడకుండా ఎక్కగలిగినన్ని. గోడ నిండా పరుచుకున్న టీవీ ఎదుట చాపలు వేసి ఉన్నాయి. పిన్ని సోఫాలో కూర్చుని ఉంది. తోడక్క వచ్చి పాదాల దగ్గర కూర్చున్నా పలకరించలేదు.

"అమ్మ వీడియో బాగుచేశాను" అంది తోడక్క, పెన్‌డ్రైవ్ పైకెత్తి.

తమ్ముడి ముఖం ఒక్క క్షణం సున్నం కొట్టిన గోడలా అయింది. వెంటనే సర్దుకున్నాడు. "ఇప్పుడెందుకక్కా, అందరూ ఏడుస్తారు..."

"పెట్టరా" అంది పిన్ని. "నా అక్కను నేను చూసుకోవద్దూ?"

బొమ్మ వచ్చింది. దిండు, దువ్విన జుట్టు, ఉతికిన చీర. తల్లి పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం లేదు.

ఎందుకు లేదో తోడక్కకు తక్షణమే తెలిసింది. నాకూ తెలిసింది, నా వీడ్కోలు సభ పుణ్యమా అని. ఆ కెమెరా శబ్దాన్ని మడతపెట్టే పద్ధతి ఆ టీవీకి తెలియదు. ఎవరి వీడియోనైనా ఏ టీవీలోనైనా ఆడే మడతలోకి మార్చి ఇచ్చే మనిషి, తల్లి వీడియోను మాత్రం మార్చలేదు. మార్చడమంటే తాకడం, తాకిందని ఒక్కరూ అనకూడదని, కెమెరా రాసినదాన్ని రాసినట్టే తెచ్చింది. ఆమె సంచిలో లాప్‌టాప్ ఉంది. జనం మంచినీళ్ళు తాగి వచ్చేలోగా మార్చేయగలదు. ఆమె చెయ్యి సంచి జిప్పు మీదకు వెళ్ళింది.

తెర మీద తల్లి ముందుకు వంగి, గొంతు తగ్గించి, కొడుకును బతిమాలుతోంది. పిన్ని కొంగుతో కళ్ళు అద్దుకుంటూ, "చూడండర్రా, కొడుకుతో ఎంత ప్రేమగా మాట్లాడుతోందో! దీవిస్తోంది వాణ్ణి" అంది. చివర తల్లి చెయ్యెత్తి నవ్వగానే వెనక వరుసలో ఎవరో వెక్కిపడ్డారు. పిన్ని, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, కింద కూర్చున్న తోడక్క తల మీద చెయ్యి వేసింది. "ఎంత శుభ్రంగా ఉంచావే మా అక్కని" అంది.

"మాటలు రాలేదేంటి?" అని ఎవరో అడిగారు.

తమ్ముడు అక్క వంక చూశాడు. ఎన్నో ఏళ్ళ తరవాత చిన్నప్పటి చూపు చూసి ఉంటాడు. చేసిన తప్పు అక్క చెప్పేస్తుందేమోనని బెదిరే చూపు. "సౌండు పోయుంటుంది. అంతేనా అక్కా?"

ఆమె చెయ్యి జిప్పు మీది నుంచి దిగింది.

"అంతే" అంది. "సౌండు పోయింది. ఎంత చేసినా రాలేదు."

ఆమె తన వృత్తిలో అబద్ధం చెప్పగా విన్నది అదొక్కసారే. "అయ్యో, అంత పనిమంతురాలివి, అమ్మ గొంతు తేలేకపోయావా?" అని ఒకావిడ నొచ్చుకుంది. తోడక్క తల వంచుకుంది. అది తన మెట్ల కింది గది కాకపోయినా.

తిరిగి వస్తూ దారిలో అడిగాను, ఎందుకలా చేశావని.

"వినిపిస్తే ఏమయ్యేది మాస్టారూ? నేను రాక్షసిని, వాడు దగుల్బాజీ, అమ్మ కాళ్ళు పట్టుకుని అడుక్కున్న మనిషి. ముగ్గురం పోయేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే, అదీ పని రాని దాన్నయ్యాను. పోనీలెండి. పిన్ని చెయ్యి వేసింది చూశారుగా, ఇక్కడ" అని తల తడుముకుంది.

ఆ మర్నాడు ఫోను ఎత్తింది పిన్ని. ఆ తరవాత కొన్నాళ్ళు తనే చేసేది. మెట్ల కింద మళ్ళీ పరాచికాలు వినిపించాయి. కథను ఇక్కడ ముగించగలిగితే నాకూ తృప్తిగా ఉండేది. విద్యార్థుల చేత కథలు రాయించే రోజుల్లో, ముగింపు మంగళకరంగా ఉండాలని పట్టుబట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఒక పగలు నేను అక్కడ ఉండగానే ఫోను మోగింది. అవతల పిన్ని గొంతు ఆ చిన్న గదిలో నాకూ వినిపించింది.

"సౌండు నువ్వే తీసేశావటగా? వాడు చెప్పాడు. అలాంటి ఫైల్లో బొమ్మ వస్తే సౌండు కూడా వస్తుందట, కావాలని తీస్తే తప్ప పోదట. అమ్మ మాటలు బయటపడతాయని భయపడ్డావా? తప్పు చెయ్యకపోతే ఎందుకే ఆ భయం?"

తోడక్క తెర వంక చూసింది. మాటలతో సహా తల్లి వీడియో ఆ కంప్యూటర్లోనే ఉంది. వినిపిస్తే, సౌండు తీయలేదని రుజువవుతుంది. గొళ్ళెం పెట్టిందనీ రుజువవుతుంది. ఆమె నా వంక కూడా చూసింది. మార్చలేదని చెప్పడానికి సాక్షిగా నన్ను కూర్చోబెట్టుకుంది గదా. నేను నోరు తెరిచి చెప్పగలిగిన సాక్ష్యం ఏముంది? ఏమీ తీయలేదు, నేను అన్నీ విన్నాను అనాలి. ఏం విన్నారు మాస్టారూ అని వాళ్ళు అడగక మానరు.

"మాట్లాడవేం?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ" అంది తోడక్క. అవతల ఫోను పెట్టేశారు. ఆ నెంబరుకు ఆమె మళ్ళీ చేయలేదు.

ఇప్పటికీ వెళ్తుంటాను. ఫ్యాను కంప్యూటర్ వైపే తిరుగుతూ ఉంటుంది. గిరాకీ తగ్గలేదు, వీడియోలు ఉన్నంత కాలం పోవడమూ ఉంటుంది. అయితే బల్ల మీద కొత్తగా ఒక జత ఇయర్‌ఫోన్లు చేరాయి. మొన్న ఒక పెద్దమనిషి, పోయిన భార్య మాట్లాడిన వీడియో తెచ్చాడు. బొమ్మ వస్తోంది, శబ్దం రావడం లేదట. ఇంటిల్లిపాదీ చూడాలని కూతుళ్ళు కూర్చుని ఎదురుచూస్తున్నారట.

తోడక్క మడత మార్చింది. ఎప్పటిలా స్పీకరులో పెట్టలేదు. ఇయర్‌ఫోన్లు అతని చేతికిచ్చి, తన కుర్చీని గోడ వైపు తిప్పుకుంది.

"ముందు మీరొక్కరే వినండి" అంది. "విన్నాక, ఇంటికి తీసుకెళ్ళాలో లేదో చెప్పండి. వద్దంటే సౌండు రాలేదని నేను చెబుతాను."